వార్తల్లో పదం: ఐఆర్‌ఎస్

వానాకాలం ముందు అరకు, పాడేరు మన్యం వార్తల్లో తరచూ కనిపించే మాట ఐఆర్‌ఎస్. ఇండోర్ రెసిడ్యువల్ స్ప్రేయింగ్, అంటే ఇంటి లోపలి గోడలపై దోమల మందు పిచికారీ చేయడమన్నమాట. ఊళ్లో అందరూ ‘మందు కొట్టడం’ అంటారు. రక్తం పీల్చిన ఆడ అనాఫిలిస్ దోమ బరువెక్కి గోడమీద వాలుతుంది. అక్కడి మందు తగిలి చస్తుంది, మలేరియా మరొకరికి అంటకుండా ఆగుతుంది. కొండల్లో నెమ్మదిగా పారే గెడ్డల్లోనూ ఈ జాతి దోమలు పెరుగుతాయి కాబట్టి ఇంటిచుట్టూ నిలిచిన నీళ్లు పారబోస్తే సరిపోదు.

అసలు కష్టం ఇంటివాళ్లదే. మందు కొట్టే పూట గిన్నెలు, సోలు (రాగి) గింజల బస్తాలు, పక్కబట్టలు అన్నీ వాకిట్లోకి మోయాలి. ఆ తర్వాత రెండు, మూడు నెలలు గోడ అలకకూడదు. ఎర్రమట్టి, పేడతో గోడను నున్నగా అలుక్కోవడం ఇక్కడి ఆడవాళ్ల నిత్యకృత్యం, వాళ్ల సొగసు కూడా. ఒక్క అలుకుతో మందు మట్టికింద కప్పబడిపోతుంది. ఈ సంగతి వాళ్ల భాషలో, వాళ్ల గుమ్మంలో కూర్చుని చెప్పాలి. అది ఆశా కార్యకర్తలే బాగా చేయగలరు. దేశం మలేరియా నిర్మూలనకు పెట్టుకున్న గడువు 2030. ఆ లక్ష్యం కోసం పిచికారీతోపాటు మందు పూసిన దోమతెరలూ ఇస్తున్నారు. ఆరుబయట పడుకునే రాత్రుల్లో గోడమీది మందు కాపాడలేదు, తెరే దిక్కు.