గిలటీనును మూలబెట్టిన న్యాయవాది

ఫ్రెంచి విప్లవచరిత్ర చదివినవారందరికిని గిలటీను అను మాట పరిచితమే. రెండు నిలువు కంబముల నడుమ పైనుండి జారిపడు బరువైన కత్తితో, క్షణములో మనిషి శిరస్సును ఖండించు యంత్రమది. 1792లో దానిని మొదట ఉపయోగించిరి. రాజును, రాణిని బలిగొన్న ఆ యంత్రము విప్లవముతోడనే చరిత్రలో కలిసిపోయినదని మనలో పెక్కురు తలంతురు. వాస్తవ మట్లు కాదు. మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి 30 సంవత్సరములు గడచిన పిమ్మట, 1977 సెప్టెంబరు 10వ తేదీ వేకువను, మార్సెయ్ నగరపు చెరసాలలో అది ఒక ఖైదీ తల నరికెను. అదియే దాని చివరి పని. నాలుగు సంవత్సరముల తరువాత ఒక చట్టము దానిని మూలబెట్టెను. ఆ చట్టమును శాసనసభలో ప్రవేశపెట్టిన న్యాయశాఖ మంత్రి రొబేర్ బాదాంతేర్. అంతకు పూర్వ మాయన మరణశిక్ష నెదుర్కొను ముద్దాయిల పక్షమున నిలిచి వాదించిన న్యాయవాది.

ఇట్టివారిని గూర్చి విన్నపుడు మనకొక ప్రశ్న తోచుట సహజము. హంతకుల ప్రాణముల కొరకు ఇంత శ్రమపడిన ఈయన, తన ఇంట అట్టి ఘోరము జరిగియున్నచో, ఇట్లే మాటలాడి యుండునా? ఆ ప్రశ్నకు సమాధానము ఆయన బాల్యముననే కలదు.

బాదాంతేర్ 1928 మార్చి 30వ తేదీన పారిస్‌లో జన్మించెను. తలిదండ్రులు బెస్సరాబియా నుండి వలస వచ్చిన యూదులు. తండ్రి సిమోన్ బొచ్చుతోళ్ళ వర్తకుడు. 1789లోనే మానవుని హక్కులను ప్రకటించిన దేశమని ఫ్రాన్సునందు ఆయనకు అపారమైన గౌరవము. 1940లో జర్మను సైన్యము పారిస్ నాక్రమింపగా ఆ కుటుంబము దక్షిణమున నున్న లియాన్ నగరమునకు తరలిపోయెను. కొంతకాలమునకు జర్మనులు అచ్చటికిని వచ్చిరి. 1943 ఫిబ్రవరి 9న సేంత్ కాథరీన్ వీథిలోని యూదుల సహాయసంఘపు కార్యాలయమును గెస్టపో దళము చుట్టుముట్టి, లోన నున్నవారిని, వచ్చినవారిని వచ్చినట్లే పట్టుకొనెను. పట్టువడినవారిలో సిమోన్ ఒకడు. తండ్రిని వెదకుచు అచ్చటికి పోయిన రొబేర్ త్రుటిలో తప్పించుకొని బయటపడెను. అప్పటి కాతనికి 15 సంవత్సరములు నిండలేదు. తండ్రిని పోలండులోని సోబిబోర్ మృత్యుశిబిరమునకు పంపిరి. ఆయన తిరిగి రాలేదు. ఆ నిర్బంధములకు ఆజ్ఞ యిచ్చిన అధికారి పేరు క్లాస్ బార్బీ. ఈ పేరును శ్రోతలు గుర్తుంచుకొన గోరెదను. మరల చెప్పవలసి యున్నది.

తల్లియు, ఇద్దరు కుమారులును షాంబెరీ పట్టణము దాపుననున్న ఒక గ్రామమున తలదాచుకొనిరి. యుద్ధానంతరము రొబేర్ సాహిత్యమును, న్యాయశాస్త్రమును చదివి, అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున పట్టము పొంది, 1951లో పారిస్‌లో న్యాయవాదిగా చేరెను. తరువాత న్యాయశాస్త్రాచార్యుడు కూడ నయ్యెను. మరణశిక్ష కూడదను అభిప్రాయము మొదటినుండియు ఆయనకు కలదు. ఆ అభిప్రాయమును దీక్షగా మార్చినది 1972 నాటి ఒక కేసు.

క్లేర్వో చెరసాలలో బ్యుఫె, బొంతాం అను ఇద్దరు ఖైదీలు 1971లో ఒక కావలివానిని, ఒక నర్సును బంధించిరి. ఆ ఇద్దరును హతులైరి. బొంతాం తరపున బాదాంతేర్ వాదించెను. కత్తి నెత్తి చంపినవాడు బొంతాం కాడని త్రువా పట్టణమున జూరీయే అంగీకరించెను. అయినను సహాపరాధిగా ఆతనికిని మరణశిక్షయే విధించిరి. బాదాంతేర్ దేశాధ్యక్షుడు పాంపిడూను దర్శించి క్షమాభిక్ష వేడెను, లభింపలేదు. 1972 నవంబరు 28 వేకువజామున పారిస్‌లోని సాంతె చెరసాలలో ఇద్దరి శిరస్సులును తెగెను. అప్పుడు బాదాంతేర్ ఆ చెరసాలలోనే యుండెను. ఎవనిని చంపని మనిషిని చట్టము చంపుట తన కండ్లయెదుట జరిగినది. మరుసటి సంవత్సరము ఆ అనుభవమును గ్రంథముగా వ్రాసెను.

ఐదేండ్లు తిరుగకమునుపే ఆయన అదే త్రువా న్యాయస్థానమున మరల నిలువవలసి వచ్చెను. ఈసారి ముద్దాయి పాత్రిక్ ఆన్రీ. ఏడేండ్ల బాలుని ధనముకొరకు అపహరించి చంపినవాడు. దేశమంతయు ఆగ్రహముతో నుడికిపోయెను. నేరము రుజువైనది, దానిని కాదనుటకు బాదాంతేర్ యత్నింపలేదు. మరణశిక్షనే బోనులో నిలిపెను. ఫ్రాన్సులో శిక్షను తొమ్మండుగురు జూరీసభ్యులు, ముగ్గురు న్యాయమూర్తులు కలిసి నిర్ణయించెడివారు. ఆ పన్నిద్దరిలో ఒక్కొక్కరును ఈ శిరస్సును తాము స్వయముగా తెంచుచున్నట్లు భావించుకొనవలెనని ఆయన వారితో చెప్పెను. 1977 జనవరిలో యావజ్జీవ శిక్షయే వెలువడెను. ఈ కథకు తీయని ముగింపు లేదు. ఆన్రీ 2001లో షరతులపై విడుదలయై, మాదకద్రవ్యముల నేరముపై తిరిగి చెరకు పోయెను. కాని రక్షింపబడినవాడు సజ్జనుడగునని బాదాంతేర్ వాదింపలేదు. రాజ్యము చంపరాదనియే ఆయన వాదము.

తరువాతి సంవత్సరములలో మరికొందరిని కూడ ఆయన గిలటీను నుండి తప్పించెను. అయితే ఒక్కొక్క తలను కాపాడుటకంటె చట్టమును మార్చుట మేలుగదా! అందులకు రాజకీయమే మార్గము. ఆయన సోషలిస్టు పక్షీయుడు, మిత్తెరాన్‌కు మిత్రుడు. 1981 మార్చిలో, అధ్యక్షపదవికి పోటీచేయుచున్న మిత్తెరాన్ మరణశిక్షకు తాను వ్యతిరేకినని టెలివిజన్‌లో ప్రకటించెను. అప్పటి అభిప్రాయసేకరణలలో నూటికి 60 మందికి పైగా ఆ శిక్షను సమర్థించుచుండిరి. అయినను మే 10న ఆయన గెలిచెను. జూన్ 23న బాదాంతేర్ న్యాయశాఖ మంత్రి యయ్యెను.

సెప్టెంబరు 17న జాతీయసభలో ఆయన చేసిన ప్రసంగము ఫ్రెంచి పార్లమెంటు చరిత్రలో ప్రసిద్ధి కెక్కినది. మరణభయము నేరమును ఆపదనుటకు ఆయన చూపిన నిదర్శన మిది: 1972లో బ్యుఫె, బొంతాంలను చంపుడని త్రువా న్యాయస్థానము వెలుపల కేకలు వేసిన గుంపులో పాత్రిక్ ఆన్రీ ఉండెను. మానవన్యాయము పొరబడవచ్చును, తెగిన తల తిరిగి అతుకదు. స్వేచ్ఛారాజ్యమున పౌరుని ప్రాణముపై ప్రభుత్వమునకు సర్వాధికారము లేదు. ఇవియే ఆయన వాదమునకు మూలములు. మరునాడు 363 మంది అనుకూలముగను, 117 మంది ప్రతికూలముగను ఓటు వేసిరి. ప్రతిపక్షమునుండి జాక్ షిరాక్ వంటివారును అనుకూలించిరి. సెప్టెంబరు 30న సెనేటు 160 ఓట్లకు 126 ఓట్లతో అంగీకరించెను. అక్టోబరు 9న చట్టము ప్రకటితమయ్యెను. 1848లో విక్టర్ హ్యూగో సభలో కోరినది 133 సంవత్సరములకు నెరవేరినది.

మంత్రిగా ఆయన చేసిన పనులు మరికొన్ని కలవు. రాజ్యభద్రత పేర నెలకొల్పిన ప్రత్యేక న్యాయస్థానమును 1981లో రద్దుచేయించెను. ఫ్రెంచి పౌరుడు తన ప్రభుత్వముపైననే స్ట్రాస్‌బర్గులోని ఐరోపా మానవహక్కుల సంస్థకు ఫిర్యాదు చేసికొను హక్కు ఆ సంవత్సరమే లభించెను. స్వలింగప్రేమికుల యెడ చట్టము చూపిన వివక్షను 1982లో తొలగించెను. రోడ్డుప్రమాద బాధితులకు సత్వర పరిహారమిప్పించు చట్టము 1985 నాటిది. అపరాధులయెడ జాలిచూపుచున్నాడని ఆయనను నిందించినవారు అనేకులు. 1983 జూన్‌లో పోలీసులే ఆయన కార్యాలయము ముందు ప్రదర్శన జరిపి రాజీనామా కోరిరి.

ఆ సంవత్సరముననే, ఫిబ్రవరిలో, నలుబది యేండ్ల నాటి ఋణము వంటిది ఆయన ముంగిటికి వచ్చెను. బొలీవియాలో దాగియున్న క్లాస్ బార్బీని పట్టి ఫ్రాన్సునకు తెచ్చిరి. తన తండ్రిని మృత్యుశిబిరమునకు పంపినవాడు ఇప్పుడు ఖైదీ. తాను న్యాయశాఖ మంత్రి. గిలటీను ఉండియున్నచో ఏమగునో ఊహింపవచ్చును. దానిని తొలగించినవాడు తానే. బార్బీని లియాన్‌లో, ఒకప్పుడు ఆతడు దేశభక్తులను బంధించిన మోంలుక్ చెరసాలలోనే తొలుత ఉంచిరి. ఆతనిపై మోపిన నేరములలో సేంత్ కాథరీన్ వీథి నిర్బంధములును చేరినవి. 1987లో, అందరికివలెనే న్యాయవాదుల తోడ్పాటుతో, బహిరంగముగా విచారణ జరిగెను. భావితరముల కొరకు దానిని చిత్రీకరించిరి; అందుకు వీలు కల్పించిన 1985 చట్టము బాదాంతేర్ తెచ్చినదే. మానవజాతిపై చేసిన నేరములకు బార్బీకి యావజ్జీవ శిక్ష పడెను. 1991లో చెరలోనే వ్యాధితో మరణించెను. మనము మొదట వేసికొన్న ప్రశ్నకు ఇదియే సమాధానము.

1986 నుండి 1995 వరకు బాదాంతేర్ రాజ్యాంగ మండలికి అధ్యక్షుడుగను, 1995 నుండి 2011 వరకు సెనేటరుగను పనిచేసెను. 2007లో, షిరాక్ దేశాధ్యక్షుడుగా నుండగా, మరణశిక్ష నిషేధము ఫ్రాన్సు రాజ్యాంగముననే చేరినది. మన దేశమున ఈ శిక్ష చట్టములో నేటికిని కలదు. అరుదైన వానిలోకెల్ల అరుదైన కేసులకే దానిని పరిమితము చేయవలెనని సుప్రీంకోర్టు 1980లో నిర్ణయించెను. ఏవి అట్టి కేసులను చర్చ మన న్యాయస్థానములలో సాగుచునే యున్నది.

బాదాంతేర్ 2024 ఫిబ్రవరి 9న, 95 సంవత్సరముల వయస్సున మరణించెను. తండ్రి పట్టువడినదియు ఫిబ్రవరి 9వ తేదీననే. నడుమ 81 సంవత్సరములు గడచినవి. 2025 అక్టోబరు 9న, ఆయన చట్టమునకు 44 ఏండ్లు నిండిన దినమున, హ్యూగో విశ్రమించుచున్న పాంథియాన్ మందిరమున ఫ్రెంచి జాతి ఆయనకు స్థానమిచ్చెను. ఆ ఉదయమే బాన్యో శ్మశానములోని ఆయన సమాధిపై ఎవరో దూషణవాక్యములు వ్రాసిరి. ఆయనపై కోపము ఇంకను చల్లారలేదన్నమాట. కాని 1981 అక్టోబరు తరువాత ఆ దేశమున ఏ న్యాయస్థానమును ఎవరికిని మరణశిక్ష విధింపలేదు.