సత్యం రామలింగరాజు: జనం చెప్పుకునే కథ, కాగితాల్లో ఉన్న కథ

భీమవరం వైపు సత్యం రాజుగారి పేరెత్తితే ఇప్పటికీ రెండు కథలు వినిపిస్తాయి. "ఊళ్లకు మంచినీళ్లిచ్చాడు, 108 అంబులెన్సులు తెచ్చాడు, ఒక్క రూపాయి తినకుండా జైలుకెళ్లాడు పాపం" అన్నది ఒకటి. "ఏడు వేల కోట్లు మింగేశాడు" అన్నది రెండోది. దేవుడో దొంగో తేల్చుకునే ఈ పంచాయితీలో రెండు పక్షాలూ ఒక విషయంలో ఏకమే: జరిగిందంతా ఒకే మనిషి చేశాడని. 2009 నుంచి వచ్చిన సీబీఐ అభియోగ పత్రాలు, సెబీ ఉత్తర్వులు, కోర్టు తీర్పు చూస్తే మాత్రం సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం ఒక ఆఫీసు పనిలా, మూడు నెలలకోసారి, పదిమంది చేతుల మీదుగా జరిగిందని తెలుస్తుంది.

అపోహ: చేతిలో చిల్లిగవ్వ లేకుండా మొదలుపెట్టి ఎదిగాడు.

ఎదిగిన మాట నిజం. చిల్లిగవ్వ లేదన్నది నిజం కాదు. బైర్రాజు రామలింగరాజుది పశ్చిమ గోదావరిలో భూములున్న సంపన్న రైతు కుటుంబం. విజయవాడ ఆంధ్ర లొయోలా కాలేజీలో బీకాం చదివి, అమెరికాలోని ఒహాయో యూనివర్సిటీలో ఎంబీఏ చేసి 1977లో తిరిగొచ్చారు. నూలు మిల్లు, నిర్మాణ రంగం అయ్యాక, 1987లో బంధువుతో కలిసి ఇరవై మంది ఉద్యోగులతో సత్యం కంప్యూటర్ సర్వీసెస్ పెట్టారు.

గోదావరి డెల్టా వ్యవసాయంలో మిగిలిన సొమ్ము సినిమాల్లోకి, సారా కాంట్రాక్టుల్లోకి, ఫైనాన్సు కంపెనీల్లోకి వెళ్లిన రోజులవి. దాన్ని సాఫ్ట్‌వేర్‌లోకి మళ్లించడం అప్పటికి పిచ్చిపనే. 1991లో ట్రాక్టర్లు చేసే అమెరికా కంపెనీ డీర్ మొదటి పెద్ద ఖాతాదారుగా దొరికింది. 1992లో పబ్లిక్ ఇష్యూ, 1999లో అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే నాస్‌డాక్‌లో లిస్టింగు, 2001లో సత్యమే న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టింగు. సాహసానికి, చురుకుదనానికి మార్కులు వేయాల్సిందే. పేదరికం మాత్రం కథకోసం కలిపినది.

అపోహ: అసలు వ్యాపారమే లేదు, అంతా గాలిమేడ. పదమూడు వేల మంది దొంగ ఉద్యోగులట!

ఈ పదమూడు వేల సంఖ్య 2009 జనవరిలో కోర్టులో పోలీసుల తరఫు వాదనలో వచ్చింది. కంపెనీ చెప్పుకున్న 53 వేల మందిలో అసలు ఉన్నది 40 వేలేనని, మిగతావాళ్ల పేర జీతాలు దారి మళ్లాయని ఆరోపణ. పత్రికల్లో పతాక శీర్షికయింది. కంపెనీ ఖండించింది, ఆ ఖండన ఏ లోపలి పేజీలోనో పడింది. జనం నోట శీర్షిక మిగిలిపోయింది.

కాస్త లెక్క చూస్తే చాలు, మోసం ఎటువైపు ఉందో తెలుస్తుంది. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు సత్యం చూపించిన ఆదాయం 2,700 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లు. 2009 జనవరి 7న మోసాన్ని ఒప్పుకుంటూ రాసిన లేఖలో రాజు చెప్పిన అసలు అంకెలు 2,112 కోట్లు, 61 కోట్లు. రెండు చోట్లా తేడా ఒక్కటే, 588 కోట్లు. ఎందుకంటే దొంగ బిల్లుకు జీతం ఇవ్వక్కర్లేదు, కరెంటు కట్టక్కర్లేదు. పుస్తకంలో రాసినదంతా నేరుగా లాభంలోకి దిగుతుంది. లాభం పెంచి చూపాలనుకునేవాడికి దొంగ ఉద్యోగి ఖర్చు, దొంగ బిల్లు ఆస్తి.

మూడు నెలలకు 2,112 కోట్ల పని నిజంగా జరిగిన కంపెనీని గాలిమేడ అనలేం. ప్రపంచ కప్ ఫుట్‌బాల్‌కు ఐటీ సేవలందించే ఒప్పందం ఉన్న సంస్థ అది. రాత్రి షిఫ్టుల్లో కళ్లు ఎర్రబడేలా పనిచేసిన వేలమంది పిల్లలు నిజం. ఆ పని మీద మిగిలింది వందకు మూడు రూపాయలైతే ఇరవైనాలుగని చెప్పడం అబద్ధం.

అపోహ: ఏడు వేల కోట్లు కాజేశాడు. / కాదు, ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు.

రెండూ తప్పే. ఆ జనవరి 7 నాటి లేఖలోని అంకెలివి: పుస్తకాల్లో ఉన్న 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనివి. రానే రాని వడ్డీ 376 కోట్లు. చూపించని అప్పు 1,230 కోట్లు. రావలసిన బాకీల్లో పెంచి రాసినవి 490 కోట్లు. నాలుగూ కూడితే ఏడు వేల కోట్లు దాటుతుంది. కానీ అందులో ఎక్కువ భాగం ఎప్పుడూ లేని డబ్బు. లేనిదాన్ని ఎవరూ కాజేయలేరు.

మరి ఏమీ తీసుకోలేదా? ఒక్క రూపాయి కూడా తీసుకోలేదన్నది ఆ లేఖలోని వాక్యమే. దాన్ని ఎవరూ పరీక్షించకుండానే సానుభూతిపరులు నమ్మేశారు. దొంగ లాభాల వల్ల షేరు ధర పెరిగింది. పెరిగిన ధరకు కుటుంబం షేర్లు అమ్ముకుంది, తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకుంది. 2001లో పాతిక శాతం దాటి ఉన్న ప్రమోటర్ల వాటా 2008 నాటికి ఎనిమిది శాతం చిల్లరకు దిగింది. అబద్ధపు అంకెలు తెలిసీ అలా పొందిన లాభం వెనక్కి కట్టాలని 2014 జులైలో సెబీ ఆదేశించింది: 1,849 కోట్లు, పైన వడ్డీ, పద్నాలుగేళ్లు మార్కెట్‌లో అడుగుపెట్టకుండా నిషేధం. ఆ మొత్తం ఎంతన్నదానిపై అప్పీళ్లు ఏళ్ల తరబడి నడిచాయి. కంపెనీ గల్లాపెట్టెలో చెయ్యి పెట్టలేదన్నది నిజమే అనుకున్నా, షేరు కొన్నవాడి జేబులో పెట్టినట్టే కదా.

అపోహ: కొడుకుల కంపెనీలకు డబ్బు మళ్లించబోయి దొరికిపోయాడు.

అందరూ నమ్మేది ఇదే. నిజానికి దగ్గరగా ఉంటూనే తలకిందులైనదీ ఇదే.

2008 డిసెంబరు 16న సత్యం బోర్డు రాజు కుమారులు నడిపే మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని కొనడానికి ఒప్పుకుంది. వెల 160 కోట్ల డాలర్లు, అప్పటి మారకంలో ఏడు వేల కోట్ల పైమాటే. సాఫ్ట్‌వేర్ కంపెనీకి భూములెందుకని అమెరికా మదుపరులు మండిపడ్డారు. అక్కడి షేరు ఒక్క రోజులో సగానికి పైగా పడింది. పన్నెండు గంటలు తిరక్కుండానే ఒప్పందం రద్దయింది. అందరూ దీన్ని పుత్రవాత్సల్యం అనుకున్నారు.

సత్యం దగ్గర ఆ డబ్బే లేదు! లేని డబ్బును కొడుకులకు ఎలా మళ్లిస్తారు? రాజు లేఖే దీనికి జవాబిచ్చింది. ఏళ్ల తరబడి పుస్తకాల్లో పోగైన ఐదు వేల కోట్ల ఉత్తుత్తి నగదును ఎక్కడో ఒకచోట ఖర్చయినట్టు చూపాలి. మేటాస్ కొనుగోలు జరిగితే "నగదు వెళ్లింది, భూమి వచ్చింది" అని ఒక పద్దు రాసుకోవచ్చు. అమ్మేది ఇంట్లోవాళ్లే కాబట్టి అసలు చెల్లింపు తర్వాత చూసుకోవచ్చు. లేని ఆస్తి స్థానంలో ఉన్న ఆస్తి వచ్చి కూర్చుంటుంది. అంటే డబ్బు మేటాస్‌కు పోవడం కాదు, మేటాస్ భూములే సత్యం బొక్కను పూడ్చడానికి రావాలి.

దీనికి హైదరాబాద్ భూమి ధరలే ఆసరా. 2008లో హైదరాబాద్ మెట్రో టెండరును మేటాస్ నాయకత్వంలోని కన్సార్షియం గెలిచింది. మెట్రో కట్టడానికి ప్రభుత్వం దగ్గర డబ్బడగకపోగా, 35 ఏళ్లలో ప్రభుత్వానికే ఎదురు 30,311 కోట్లు ఇస్తామంది. ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ ఆ సెప్టెంబరులోనే ఇదేదో భూముల వ్యవహారంలా ఉందని ప్రణాళికా సంఘానికి లేఖ రాస్తే, రాష్ట్ర ప్రభుత్వం ఆయన మీదే పరువునష్టం దావా వేస్తామంది. మరుసటి ఏడాది ఆ కాంట్రాక్టు రద్దయి, తర్వాత ఎల్ అండ్ టీ చేతికి వెళ్లింది. శ్రీధరన్‌కు ఎవరైనా క్షమాపణ చెప్పి ఉంటే బాగుండేది.

అపోహ: మనస్సాక్షి ఒప్పుకోక తనంతట తానే బయటపెట్టాడు.

పులి మీద స్వారీ చేస్తున్నానని, దిగితే తినేస్తుందేమోనని ఆ లేఖలో ఉన్న పోలిక దేశమంతా పాకింది. అది మంచి వచనం. కానీ లేఖకు ముందు మూడు వారాల్లో ఏం జరిగిందో చూడండి. డిసెంబరు 18న ఎవరో మారుపేరుతో సత్యం డైరెక్టరు, హార్వర్డ్ ప్రొఫెసర్ అయిన కృష్ణ పాలెపుకు నగదు నిల్వల గుట్టు విప్పుతూ మెయిల్ పంపారు. అది ఆడిట్ కమిటీకి, ఆడిటరుకు చేరింది. 23న సత్యం మీద ప్రపంచ బ్యాంకు నిషేధం వార్త వచ్చింది. షేరు పడేకొద్దీ, తాకట్టు పట్టిన రుణదాతలు ప్రమోటర్ల షేర్లను మార్కెట్‌లో అమ్మేస్తూ పోయారు. సలహాకు పెట్టుకున్న మెరిల్ లించ్ జనవరి 6న లెక్కల్లో తేడాలున్నాయంటూ తప్పుకుంది. మర్నాడే లేఖ. అప్పటికి మిగిలిన దారి అదొక్కటే. పొద్దున 179 దగ్గరున్న షేరు సాయంత్రానికి 40కి వచ్చింది.

అపోహ: ఒక్కడే చేశాడు. ఇంకెవరికీ తెలియదు.

ఇది కూడా లేఖ నాటిన మొక్కే. కుటుంబ సభ్యులకు, బోర్డుకు తెలియదని రాజు రాశారు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చింది: రాజు, ఇద్దరు తమ్ముళ్లు, ఫైనాన్సు అధిపతి వడ్లమాని శ్రీనివాస్, ప్రైస్ వాటర్‌హౌస్‌కు చెందిన ఇద్దరు ఆడిటర్లు, కంపెనీ అంతర్గత ఆడిట్ అధిపతి, ఫైనాన్సు విభాగంలో ముగ్గురు ఉద్యోగులు.

సీబీఐ లెక్కలో దొంగ ఇన్‌వాయిస్‌లు 7,561. బిల్లులు తయారుచేసే కంప్యూటర్ వ్యవస్థలో ప్రత్యేక లాగిన్‌తో వాటిని ఎక్కించేవారు, ప్రాజెక్టు నడిపే అధికారులకు కనబడకుండా దాచేవారు. బిల్లుంటే వసూలు చూపాలి, వసూలైతే బ్యాంకు స్టేట్‌మెంటు చూపాలి, నిల్వ పెరిగితే ఎఫ్‌డీ రసీదు చూపాలి, ఎఫ్‌డీకి వడ్డీ చూపాలి. అన్నీ తయారుచేశారు. ఇది ఒక చైర్మన్ అర్ధరాత్రి కూర్చుని చేసే పని కాదు. పొద్దున తొమ్మిదిన్నరకు క్యారేజీ పట్టుకుని ఆఫీసుకొచ్చి చేసే పని.

దీన్ని ఆపడానికి ఒక మామూలు జాగ్రత్త సరిపోయేది. బ్యాంకులో ఎంత ఉందో ఆడిటరే నేరుగా బ్యాంకుకు రాసి, జవాబు నేరుగా తెప్పించుకోవాలి. బీకాం ఆడిటింగు పాఠంలో ఉండే సంగతే. అమెరికా నియంత్రణ సంస్థల విచారణలో తేలినదేమిటంటే, ఆ ధ్రువీకరణలను ఆడిటర్లు కంపెనీ చేతికే వదిలేశారు. కంపెనీ ఇచ్చిన కాగితాన్ని కంపెనీ నిజాయితీకి రుజువుగా తీసుకున్నారు. 2018లో ప్రైస్ వాటర్‌హౌస్‌ను లిస్టెడ్ కంపెనీల ఆడిట్ నుంచి రెండేళ్లు సెబీ నిషేధిస్తే, మరుసటి ఏడాది అప్పీలు ట్రిబ్యునల్ ఆ నిషేధాన్ని కొట్టేసింది.

ఇక బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్, ఐఎస్‌బీ డీన్, మాజీ కేబినెట్ కార్యదర్శి ఉన్నారు. కార్పొరేట్ పాలనకు ఇచ్చే గోల్డెన్ పీకాక్ అవార్డు సత్యంకు వచ్చింది 2008 సెప్టెంబరులో. తర్వాత వెనక్కి తీసుకున్నారు, పాపం.

అపోహ: ప్రభుత్వం జనం డబ్బు పోసి కాపాడింది.

పోయలేదు. పాత బోర్డును రద్దు చేసి కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్ వంటి వారిని కూర్చోబెట్టింది. జీతాలకు ఐడీబీఐ, బ్యాంక్ ఆఫ్ బరోడాల నుంచి 600 కోట్ల అప్పు దొరికింది. ఏప్రిల్ 13న వేలంలో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలు పెట్టి గెలిచింది. లేఖకూ అమ్మకానికీ మధ్య వంద రోజులు కూడా లేవు.

అపోహ: 108 సత్యం డబ్బుతో నడిచింది.

2005 ఆగస్టు 15న ఆ సేవ మొదలుపెట్టిన ఈఎంఆర్ఐ రాజు సోదరులు స్థాపించినదే, ఆ ఘనత వారిదే. తర్వాత అది ప్రభుత్వ భాగస్వామ్యంలో విస్తరించింది, నిర్వహణ ఖర్చులో సింహభాగం ఖజానాదే. అందుకే సత్యం కూలినా అంబులెన్సులు ఆగలేదు. సంస్థ పగ్గాలు 2009లో జీవీకే చేతికి వెళ్లాయి.

అపోహ: జైలుకే వెళ్లలేదు. / ఏడేళ్లు జైల్లో ఉన్నాడు.

విచారణ కాలంలో రెండున్నరేళ్లకు పైగా నిర్బంధంలో ఉన్నారు, అందులో కొన్ని నెలలు నిమ్స్ ఆసుపత్రిలో. 2015లో పడింది ఏడేళ్ల శిక్ష, ఐదు కోట్ల పైన జరిమానా. నెల తిరిగేసరికి సెషన్స్ కోర్టు శిక్షను సస్పెండ్ చేసి బెయిలిచ్చింది.

అపోహ: సత్యం షేర్లు పెట్టుకున్నవాళ్లకు సున్నా మిగిలింది.

అమ్మకుండా ఓపిక పట్టినవాళ్లకు సున్నా కాదు. 2013 జూన్‌లో విలీనమప్పుడు 17 పాత షేర్లకు రెండు టెక్ మహీంద్రా షేర్లిచ్చారు. భయంతో అమ్మేసినవాళ్లు, అప్పు చేసి కొన్నవాళ్లు, మార్జిన్ కట్టలేక బ్రోకరు అమ్మేస్తే చూస్తూ ఉండిపోయినవాళ్లు, వీళ్ల సంగతి వేరు. మదుపరుల నష్టాన్ని సీబీఐ పద్నాలుగు వేల కోట్లుగా లెక్కగట్టింది.

పరిహారం అందింది అమెరికాలో. అక్కడ షేర్లు కొన్నవాళ్లు మూకుమ్మడిగా దావా వేస్తే సత్యం 12.5 కోట్ల డాలర్లు, ప్రైస్ వాటర్‌హౌస్ 2.55 కోట్ల డాలర్లు కట్టి రాజీపడ్డాయి. అదే కంపెనీ షేరును హైదరాబాద్‌లో కొన్నవాళ్లకు అలాంటి దావా వేసే దారే అప్పటి చట్టంలో లేదు. 2013 కంపెనీల చట్టం 245వ సెక్షన్‌లో ఆ దారి పెట్టారు. ఆ సెక్షన్ అమల్లోకి వచ్చింది 2016లో, సత్యం పేరుతో కంపెనీయే లేకుండా పోయిన మూడేళ్లకు.