బడిపెట్టెకు ఫోను తాళమా?

బాలుని పుస్తకసంచి వాని శరీరభారములో నూటికి 10 వంతులు మించరాదని 2020లో కేంద్ర విద్యాశాఖ విధానము నిర్ణయించినది. కావున పుస్తకములను బడియందే భద్రపరచుటకు లాకర్లు నేర్పరచుట మేలే. కాని నేడు విక్రేతలు స్మార్ట్‌ఫోనుతో తెఱచుకొను లాకర్లను చూపుచున్నారు! బడికి ఫోను తేరాదని పిల్లలను శాసించుచు, ఫోను లేనిదే తెఱచుకొనని తాళమును వారి పుస్తకములకు వేయుట యేమి వివేకమో మాకు బోధపడకున్నది. ఫోను కొనలేని కూలివాని బిడ్డ యెవరి నాశ్రయింపవలయును?

ఇట్టి తాళములు బ్యాటరీపై నడచును. తాళమందో ఫోనునందో బ్యాటరీ క్షీణించెనా, పరీక్షనాడు పుస్తకము చెఱలో నుండును. ఇంటి యినుపపెట్టెకైనను మనము రెండవ తాళపుచెవి నుంచుకొందుము గదా! కావున పాఠశాలాధికారులు ధరకంటె ముందుగా అడుగవలసినవి కొన్ని గలవు. అంకెల మీటలతో పెట్టె తెఱచుకొనునా? అంతర్జాలము లేనివేళ పనిచేయునా? చెడిన బ్యాటరీని వెలుపలినుండి మార్చవచ్చునా? ఏ విద్యార్థి యెప్పుడు పెట్టె తెఱచెనో ఆ వివరము లెవరియొద్ద నిలుచును? 18 ఏండ్లు నిండనివారి సమాచారమును గైకొనుటకు తల్లిదండ్రుల సమ్మతి యుండవలెనని 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ శాసనము విధించినది.

పిల్లలకు అంకెల సంకేతమునిచ్చి, ఫోనుతో తెఱచు నధికారమును ప్రధానోపాధ్యాయునియొద్ద నుంచినచో చాలును. ఇందు కొప్పని విక్రేత సరకు ఎంత చౌకయైనను కొనవలదని మా యభిప్రాయము.