అడిగిన వారికే చౌక ప్లాను
సెల్‌ఫోను కంపెనీలతో బేరం: కుటుంబాలు తెలుసుకోవలసిన లెక్కలు, హక్కులు

న్యూఢిల్లీ: సెల్‌ఫోను ప్లాను ధర రేషను దుకాణం బోర్డు మీది ధర వలె అందరికీ ఒక్కటేనని సాధారణ వినియోగదారుడు భావిస్తాడు. ప్లాను పేరు, గడువు, చెల్లించవలసిన మొత్తం అన్నీ బహిరంగంగానే ప్రకటితమై ఉంటాయి. అయినప్పటికీ ఒకే ఊరిలో, ఒకే కంపెనీకి చెందిన ఇద్దరు చందాదారులు ఒకే రకమైన సేవకు వేర్వేరు మొత్తాలు చెల్లిస్తూ ఉండటం అరుదేమీ కాదు. చాలా సందర్భాలలో వారి మధ్య తేడా ఒక్కటే. ఒకరు కంపెనీని విడిచి వెళతామన్నారు, మరొకరు అనలేదు.

విడిచి వెళ్లబోయే వారిని నిలుపుకొనేందుకు ఇచ్చే ఇటువంటి రాయితీలను పరిశ్రమ వర్గాలు ‘రిటెన్షన్ ఆఫర్లు’గా వ్యవహరిస్తాయి. వీటికి ప్రకటనలు ఉండవు. నాలుగు ఫోన్లున్న కుటుంబానికి సెల్‌ఫోను ఖర్చు ఏడాదికి వేల రూపాయలకు చేరిన ఈ రోజుల్లో, అడగనిదే అమ్మయినా పెట్టదన్న సామెత ఈ రంగానికి అక్షరాలా వర్తిస్తున్నది.

సుప్రీంకోర్టుకు చేరిన వివాదం

చాటుగా ఇచ్చే రాయితీలు న్యాయమా అన్న వివాదం దేశ అత్యున్నత న్యాయస్థానం వరకు వెళ్లింది. ఒకే తరగతికి చెందిన చందాదారుల మధ్య వివక్ష చూపరాదన్నది భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) ధరల ఉత్తర్వులలోని మౌలిక సూత్రం. ఈ సూత్రాన్ని ఆధారం చేసుకొని, ఎంపిక చేసిన కొందరికి మాత్రమే ఇచ్చే ఆఫర్ల వివరాలను తనకు తెలియజేయాలని 2018 ఫిబ్రవరిలో ట్రాయ్ ఉత్తర్వు జారీ చేసింది.

ఎయిర్‌టెల్, ఐడియా కంపెనీలు దీనిని సవాలు చేశాయి. ఇవి ప్రత్యేక ప్లాన్లు కావని, ఉన్న చందాదారులు చేజారకుండా ఇచ్చే తగ్గింపులు మాత్రమేనని అవి వాదించాయి. 2018 డిసెంబరులో టెలికాం వివాదాల ట్రైబ్యునల్ కంపెనీల పక్షాన తీర్పు చెప్పింది. ట్రాయ్ సుప్రీంకోర్టును ఆశ్రయించగా, అడిగిన వివరాలను కంపెనీలు అందజేయాలని, వాటిని పోటీ సంస్థలకు తెలియకుండా ట్రాయ్ గోప్యంగా ఉంచాలని 2020 నవంబరులో న్యాయస్థానం ఆదేశించింది.

అంటే ఇటువంటి రాయితీలు ఉన్నాయన్నది న్యాయస్థానం ఎదుట కంపెనీలే అంగీకరించిన విషయం. నియంత్రణ సంస్థకు వాటి వివరాలు తెలియవచ్చును గాని, సాధారణ చందాదారుడికి మాత్రం అడిగితే తప్ప తెలియవు.

బేరానికి బలం ఎక్కడిది?

మన దేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న నాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, కేంద్ర మంత్రి సుఖ్‌రామ్ మధ్య జరిగింది. అప్పట్లో నిమిషానికి 8 రూపాయల 40 పైసలు, రద్దీ వేళల్లో 16 రూపాయల 80 పైసలు చెల్లించవలసి వచ్చేది. వచ్చే కాల్స్‌కు కూడా రుసుము ఉండేది. అది 2003 మే నెలలో తొలగింది.

ధరలు తగ్గినప్పటికీ చందాదారుడి చేతికి బేరమాడే బలం రాలేదు. కంపెనీ మారితే నంబరు మారేది. బంధువులు, బ్యాంకు, కార్యాలయం, ఖాతాదారులు అందరికీ కొత్త నంబరు తెలియజేయడం కన్న ఎక్కువ బిల్లు కట్టడమే మేలని అనేకులు సరిపెట్టుకునేవారు. నంబరు మారకుండా కంపెనీ మారే ‘పోర్టింగు’ సదుపాయం 2010 నవంబరు 25న హర్యానాలో మొదలై, 2011 జనవరి 20 నుంచి దేశమంతటా అమలులోకి వచ్చింది. 2024 ముగిసేసరికి పోర్టింగు విన్నపాల సంఖ్య వంద కోట్లు దాటింది. చందాదారుడి మాటకు కంపెనీల వద్ద విలువ వచ్చింది ఈ హక్కు వల్లనే.

కాగా ఈ హక్కుకు అడ్డంకులు కూడా ఎదురయ్యాయి. పోర్టింగుకు ఎస్ఎంఎస్ పంపవలసి ఉండగా, కొన్ని చౌక రీచార్జులలో ఎస్ఎంఎస్ సదుపాయమే లేకుండా పోయింది. దాంతో ఎంత మొత్తానికి రీచార్జి చేసుకున్నా పోర్టింగు ఎస్ఎంఎస్ వెళ్లే ఏర్పాటు ఉండి తీరాలని 2021 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది.

2024 జూలై మొదటి వారంలో మూడు ప్రైవేటు కంపెనీలూ ఒకదాని వెనుక ఒకటి ధరలు పెంచినప్పుడు చందాదారులు ఈ హక్కును మరోసారి వినియోగించుకున్నారు. ఆ ఒక్క నెలలోనే ప్రభుత్వ రంగ సంస్థ బీఎస్ఎన్ఎల్‌కు 29 లక్షల మందికి పైగా చందాదారులు పెరిగారు. మూడు ప్రైవేటు కంపెనీలకూ తగ్గారు.

కుటుంబ ప్లాను అన్ని వేళలా చౌక కాదు

కంపెనీతో మాట్లాడే ముందు ఇంట్లోనే తేల్చుకోవలసిన లెక్క ఒకటి ఉంది. పలువురికి కలిపి ఒకే బిల్లు వచ్చే కుటుంబ పోస్ట్‌పెయిడ్ ప్లాను తప్పక చౌకగా ఉంటుందన్న అభిప్రాయం ప్రబలంగా ఉన్నది. ఒక కంపెనీ ప్రకటిత ధరలనే ఉదాహరణగా తీసుకొని చూడవచ్చు.

ఎయిర్‌టెల్ 2024 జూలైలో సవరించిన ధరల ప్రకారం నలుగురికి వర్తించే కుటుంబ ప్లాను నెలకు 1,199 రూపాయలు. పోస్ట్‌పెయిడ్ ధరలను సాధారణంగా పన్ను కలపకుండా ప్రకటిస్తారు. 18 శాతం జీఎస్టీ కలిపితే బిల్లు సుమారు 1,415 రూపాయలు, ఏడాదికి దాదాపు 16,978 రూపాయలు అవుతుంది.

ప్రీపెయిడ్ ధరలలో పన్ను కలిసే ఉంటుంది. అదే కంపెనీలో రోజుకు 2 జీబీ డేటా లభించే ఏడాది ప్రీపెయిడ్ ప్లాను అప్పట్లో 3,599 రూపాయలు. ఇంట్లో ముగ్గురు స్మార్ట్‌ఫోను వాడేవారు, బటన్ల ఫోనుతో సరిపెట్టుకునే నాయనమ్మ ఒకరు ఉన్నారనుకుంటే, ముగ్గురికి 10,797 రూపాయలు అవుతుంది. నాయనమ్మకు డేటా అవసరం లేదు. కాల్స్, ఎస్ఎంఎస్‌లకే పరిమితమైన ఏడాది ప్లానును అదే కంపెనీ 2025 జనవరిలో 1,849 రూపాయలకు అందజేసింది. మొత్తం 12,646 రూపాయలు. కుటుంబ ప్లానుతో పోలిస్తే ఏడాదికి సుమారు 4,330 రూపాయలు తక్కువ.

కుటుంబ ప్లానుతో లభించే సినిమా, క్రీడా ప్రసారాల చందాలను ఆ ఇంటివారు ఎలాగూ విడిగా కొంటున్నట్లయితే లెక్క తారుమారు కావచ్చు. వాడని చందా ఉచితమైనా దాని వల్ల ఆదా ఏమీ లేదు. ధరలు తరచు మారుతుంటాయి గనుక ఏ కుటుంబమైనా నాటి ధరలతో ఈ లెక్కను మళ్లీ వేసుకోవలసి ఉంటుంది.

డేటా అక్కరలేని వారి కోసం విడిగా కాల్స్, ఎస్ఎంఎస్ రీచార్జులు ఉంచాలని 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన చేసింది. దేశంలో సుమారు 15 కోట్ల మంది ఇంకా బటన్ల ఫోన్లే వాడుతున్నారని ఆ సందర్భంగా అది పేర్కొంది. ఇటువంటి ప్లాన్లు కంపెనీల ప్రకటనలలో అంతగా కనిపించవు. పేరు పెట్టి అడగవలసిందే.

ఇరవై ఎనిమిది రోజుల గడువును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ గడువున్న రీచార్జి ఏడాదికి పన్నెండు సార్లు కాదు, పదమూడు సార్లు చేయించవలసి వస్తుంది. ఈ విషయమై ఫిర్యాదులు అందడంతో, ముప్పై రోజుల గడువున్న ప్లాను ఒకటి, ప్రతి నెలా అదే తేదీన రీచార్జి చేసుకునే ప్లాను ఒకటి తప్పనిసరిగా ఉంచాలని 2022 జనవరిలో ట్రాయ్ ఆదేశించింది.

మాట్లాడవలసిన తీరు

గత ఆరు నెలల బిల్లులు ముందుంచుకొని, ఎవరు ఎంత డేటా వాడుతున్నారో చూసుకోవడం మొదటి పని. నెలకు పది జీబీ దాటని వారు యాభై జీబీకి డబ్బు కడుతున్నట్లు అప్పుడే బయటపడుతుంది. విదేశీ రోమింగు, కాలర్ ట్యూన్ వంటి అదనపు సేవలు తెలియకుండా కొనసాగుతున్నాయేమో కూడా చూడాలి.

రెండవది, పోటీ కంపెనీ ఇస్తున్న ప్లాను ధరను పన్నుతో సహా రాసి పెట్టుకోవడం. ‘బిల్లు ఎక్కువగా ఉంది, తగ్గించండి’ అనే విన్నపం కన్న ‘ఇదే సేవను ఫలానా కంపెనీ ఇంతకు ఇస్తున్నది, మీరు ఎంతకు ఇవ్వగలరు’ అనే ప్రశ్నకు సమాధానం తొందరగా వస్తుంది. కస్టమర్ కేర్‌లో మొదట పలికే ఉద్యోగికి సాధారణంగా ధర తగ్గించే అధికారం ఉండదు. కనెక్షన్ల రద్దు, పోర్టింగు విషయాలు చూసే వారితో మాట్లాడించాలని మర్యాదగా కోరడం మేలు. ఆ ఉద్యోగి కూడా పై వారు నిర్ణయించిన పరిధిలోనే రాయితీ ఇవ్వగలడు గనుక కోపతాపాల వల్ల ప్రయోజనం ఉండదు.

మూడవది, కంపెనీ ఏదైనా రాయితీ ఇస్తానంటే అది ఎన్ని నెలలకు, పన్ను కలిపి ఎంత, గడువు తీరాక ఎంత అన్న మూడు విషయాలు తేల్చుకొని ఎస్ఎంఎస్ లేదా ఈ-మెయిల్ ద్వారా తెప్పించుకోవాలి. ట్రాయ్ నిబంధనల ప్రకారం చందాదారుడు ఒక ప్లానులో చేరిన నాటి నుంచి ఆరు నెలల వరకు అందులోని ఏ రుసుమునూ కంపెనీ పెంచరాదు. ఆ ఆరు నెలలలోపే మరో ప్లానుకు మారే స్వేచ్ఛ చందాదారుడికి మాత్రం ఉన్నది.

ప్రీపెయిడ్ చందాదారులకు బేరమాడే అవకాశం తక్కువ. అయినప్పటికీ కంపెనీ యాప్‌లో తమ నంబరుకు ప్రత్యేకంగా చూపే ఆఫర్లను దుకాణంలో రీచార్జి చేయించే ముందు ఒకసారి పరిశీలించడం మంచిది.

బేరం కుదరకపోతే

కంపెనీ దిగిరాకపోతే, పోర్ట్ అనే మాటను ఇంగ్లీషు పెద్ద అక్షరాలలో రాసి, ఖాళీ విడిచి సెల్ నంబరు జతచేసి 1900కు ఎస్ఎంఎస్ పంపాలి. ఎనిమిది అక్షరాల కోడ్ ఒకటి వస్తుంది. మన ప్రాంతంలో అది నాలుగు రోజులు చెల్లుతుంది. చాలాసార్లు కంపెనీ నుంచి అసలైన రాయితీ కబురు వచ్చేది ఈ దశలోనే. కోడ్ తీసుకున్నంత మాత్రాన పోర్టింగు జరిగిపోదు. దానిని కొత్త కంపెనీకి ఇచ్చినప్పుడే ప్రక్రియ మొదలవుతుంది.

కనెక్షన్ తీసుకొని లేదా గతంలో పోర్టు అయి 90 రోజులు పూర్తి కావాలి. పోస్ట్‌పెయిడ్ వారు అప్పటికి వచ్చిన బిల్లు చెల్లించి ఉండాలి. ప్రీపెయిడ్‌లో మిగిలిన బ్యాలెన్సు, గడువు కొత్త కంపెనీకి బదిలీ కావు. సిమ్ పోయి కొత్తది తీసుకున్నవారు ఏడు రోజులు ఆగాలన్న నిబంధన 2024 జూలై 1 నుంచి అమలులో ఉంది. ఒకే సర్కిల్‌లో అయితే మూడు పనిదినాలలో, వేరే సర్కిల్‌కు అయితే ఐదు పనిదినాలలో పోర్టింగు పూర్తికావాలి. రాష్ట్రం విడిపోయినా టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకే సర్కిల్‌గా కొనసాగుతున్నందున ఉభయ రాష్ట్రాల వారికి మూడు రోజుల గడువే వర్తిస్తుంది.

కుటుంబ ప్లానులో ప్రధాన నంబరును పోర్టు చేసేవారు, మిగిలిన నంబర్లకు ఆపైన ఏ ధర పడుతుందో ముందుగా అడిగి తెలుసుకోవాలి. కోడ్‌ను గాని, ఓటీపీని గాని ఫోనులో అడిగిన అపరిచితులకు చెప్పరాదు. చౌక ప్లాను పేరిట మోసాలు జరిగేది ఇక్కడే.

ఒప్పుకున్న రాయితీ బిల్లులో కనిపించకపోతే కంపెనీ ఫిర్యాదుల కేంద్రంలో ఫిర్యాదు చేసి దాని నంబరు తీసుకోవాలి. పరిష్కారం తృప్తికరంగా లేకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారిని 30 రోజులలోగా ఆశ్రయించవచ్చు. వ్యక్తిగత ఫిర్యాదులను ట్రాయ్ విచారించదు. అయితే టెలికాం వివాదాలపై వినియోగదారుల కమిషన్లకు వెళ్లవచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

బేరమాడలేని వారి సంగతి

ఈ హక్కులన్నీ అందరికీ సమానంగా అందడం లేదన్నది గమనార్హం. 2024 జూలై ధరలలో 349 రూపాయల 28 రోజుల రీచార్జిని పదమూడు సార్లు చేయించిన వారు 4,537 రూపాయలు చెల్లించి రోజుకు ఒకటిన్నర జీబీ పొందారు. ఒక్కసారిగా 3,599 రూపాయలు కట్టగలిగినవారు 938 రూపాయలు తక్కువకే రోజుకు రెండు జీబీ పొందారు. రోజు కూలీపై బతికే కుటుంబానికి అంత మొత్తం ఒకేసారి చేతికి రావడం కష్టం. దేశంలోని చందాదారులలో పదింట తొమ్మిది మందికి పైగా ప్రీపెయిడ్ వారే అయినందున, రాయితీ అడిగేందుకు వారికి ఎదుట మనిషి కూడా ఉండడు.

ఒకే కంపెనీ సిగ్నలు అందే గిరిజన గూడేలలో, మారుమూల పల్లెలలో పోర్టింగు హక్కు కాగితానికే పరిమితమవుతున్నది. ఏ కంపెనీ సిగ్నలు ఎక్కడ అందుతుందో తెలిపే పటాలను వెబ్‌సైట్లలో ఉంచాలని 2024 నాటి నాణ్యతా నిబంధనలు కంపెనీలను ఆదేశిస్తున్నాయి. కంపెనీ మారదలచిన కుటుంబం ధర కన్న ముందు ఆ పటంలో తన ఊరిని వెతుక్కోవడం మంచిది. అక్కడ రెండవ కంపెనీ కనిపిస్తేనే మొదటి కంపెనీతో బేరం సాధ్యమవుతుంది.