కరెంటు కాంట్రాక్టర్‌ను పిలవాల్సింది స్లాబ్ పడ్డాక కాదు, పడకముందే

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో పరిశ్రమ అంటే ముందుగా గుర్తొచ్చేవి రెండు. ఒకటి సాగర్ ఎడమ కాల్వ కింద పండే వడ్ల మీద బతికే రైసు మిల్లులు. రెండోది మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సున్నపురాయి మీద నడిచే సిమెంటు ఫ్యాక్టరీలు. వీటికి తోడు హైదరాబాద్-విజయవాడ హైవే వెంట గోదాములు, షెడ్లు లేస్తూనే ఉన్నాయి. ఇలాంటి కట్టడం ఏది మొదలైనా ఇద్దరు కాంట్రాక్టర్లు తప్పనిసరి. పునాది, పిల్లర్లు, స్లాబ్, షెడ్డు చూసే సివిల్ కాంట్రాక్టర్ ఒకరు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి చివరి మోటారు దాకా చూసే ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ ఇంకొకరు.

ఈ రెండో పనిలో ముస్లిం కుటుంబాల పిల్లలు చాలామందే ఉన్నారు. ఐటీఐ చదివినవాళ్లు, ఉస్తాద్ దగ్గర వైరింగ్ నేర్చుకున్నవాళ్లు, గల్ఫ్‌లో కొన్నేళ్లు చేసి వచ్చి ఇక్కడ చిన్న కాంట్రాక్టులు పడుతున్నవాళ్లు కనిపిస్తారు. వీళ్లకు ఎదురయ్యే కష్టం దాదాపు ఒకే రకం. యజమాని సివిల్ పని ముందే మాట్లాడుకుంటాడు, కరెంటు పని "తర్వాత చూద్దాం" అంటాడు. ఆ తర్వాత వచ్చినవాడి నెత్తిన పగలగొట్టే పని, ఆలస్యం, ఆగిపోయిన బిల్లు మూడూ పడతాయి.

ఇద్దరి పని ఎక్కడ కలుస్తుంది?

కరెంటు పని అంటే గోడలు లేచాక వైర్లు లాగడమే అనుకుంటే పొరపాటు. పరిశ్రమల్లో అది మట్టి తవ్వే రోజే మొదలవుతుంది.

ముందుగా ఎర్తింగ్ సంగతి. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు రెండు, బాడీకి రెండు వేర్వేరు ఎర్తులు కావాలి. రెండు ఎర్త్ పిట్ల మధ్య దూరం రాడ్డు పొడవుకు కనీసం రెండింతలు ఉండాలి. అంటే 3 మీటర్ల రాడ్డు వాడితే 6 మీటర్ల ఎడం. ఇంత జాగా ముందే చూసి పెట్టుకోకపోతే అక్కడ సెప్టిక్ ట్యాంకో, కాంపౌండ్ గోడో, లారీలు తిరిగే సీసీ రోడ్డో వచ్చేస్తుంది.

తర్వాత కేబుల్ ట్రెంచ్. లావు కేబుల్‌ను తీగలా మడవలేం. మలుపు దగ్గర దాని మందానికి పన్నెండు, పదిహేను రెట్ల వంపు ఇవ్వాలి. సివిల్ మేస్త్రీ ట్రెంచ్‌ను మూలమట్టంగా, సరిగ్గా తొంభై డిగ్రీలకు కడితే చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ కేబుల్ అందులో కూర్చోదు. బలవంతంగా వంచితే ఇన్సులేషన్ దెబ్బతిని కొన్నాళ్లకు పేలుతుంది.

ఇక స్లాబ్‌లో పైపులు, బీముల్లో స్లీవ్‌లు. కాంక్రీటు పోసే ముందు స్లీవ్ పెట్టడం గంట పని. పోశాక బీముకు రంధ్రం కొట్టడమంటే లోపలి ఇనుము తెగే ప్రమాదం. అప్పుడు బిల్డింగ్ బలహీనపడిందని సివిల్ కాంట్రాక్టర్, పైపుకు దారి వదల్లేదని ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ ఒకరినొకరు అనుకోవడమే మిగులుతుంది. మోటార్ల పునాది బోల్టులదీ అదే కథ. మోటారు ఏ కంపెనీది, ఎన్ని హార్స్‌పవర్లది అని తేలకముందే పునాది పోస్తే బోల్టు రంధ్రాలు కలవవు.

రైసు మిల్లులో ఇంకో చిక్కుంది. బాయిల్డ్ రైస్ మిల్లయితే ఒక పక్క ఆవిరి, మరో పక్క ఊక దుమ్ము. ప్యానెల్ గదిని డ్రయ్యర్ పక్కన, గాలి దుమ్మును మోసుకొచ్చే దిక్కున కడితే ఎంత ఖరీదైన ప్యానెలైనా నిలవదు. ఆ గది ఎక్కడ రావాలో చెప్పాల్సింది ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్. ప్లాన్ గీసేటప్పుడు అతన్ని పిలిస్తేనే కదా చెప్పేది!

లోడు లెక్క ముందే తేలాలి

తెలంగాణలో పరిశ్రమ లోడు 75 కిలోవాట్లు, అంటే 100 హార్స్‌పవర్ దాటితే ఎల్టీ కనెక్షన్ సరిపోదు, హెచ్‌టీ తీసుకోవాలి. సాధారణంగా 1500 కేవీఏ వరకు 11 కేవీ లైను, అది దాటితే 33 కేవీ. లైను మారితే సబ్‌స్టేషన్ జాగా, గోడ ఎత్తు, గేటు వెడల్పు అన్నీ మారతాయి. అందుకే ఈ లెక్క సివిల్ డ్రాయింగ్ కంటే ముందే తేలాలి.

"ఎందుకైనా మంచిది" అని లోడు ఎక్కువ రాయించుకోవడమూ నష్టమే. హెచ్‌టీ బిల్లులో డిమాండ్ చార్జీని ఆ నెల వాడిన గరిష్ఠ డిమాండ్ మీద గానీ, ఒప్పుకున్న డిమాండ్‌లో 80 శాతం మీద గానీ, ఏది ఎక్కువైతే దాని మీద వేస్తారు. 500 కేవీఏ రాయించుకుని 250 మాత్రమే వాడిన మిల్లు కూడా 400కు డిమాండ్ చార్జీ కట్టాల్సిందే. మిల్లు సీజన్‌లో జోరుగా, మిగతా రోజుల్లో నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి ఈ భారం ఏడాదంతా ఉంటుంది.

సీజన్ తప్పితే ఏడాది తప్పినట్టే

హెచ్‌టీ కనెక్షన్‌కు టీజీఎస్పీడీసీఎల్‌కు దరఖాస్తు చేసి డబ్బు కడితే అయిపోదు. విద్యుత్ తనిఖీ శాఖ, అందరూ సీఈఐజీ అనేది, డ్రాయింగ్ చూడాలి, పని పూర్తయ్యాక స్థలానికి వచ్చి పరీక్షించాలి, ఆ తర్వాతే చార్జింగ్. ఆ తనిఖీలో చూసేవాటిలో సగం సివిల్ పనులే: ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, చుట్టూ కంచె, ఆయిల్ కారితే పట్టే గుంత, ప్యానెల్ ముందూ వెనకా ఖాళీ జాగా, ట్రెంచ్ మూతలు. ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ తన పని ఎంత బాగా చేసినా కంచె కట్టలేదని ఫైలు ఆగుతుంది.

వానాకాలం వడ్లు అక్టోబరు, నవంబరులో, యాసంగి వడ్లు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. అప్పటికి చార్జింగ్ కాని కొత్త మిల్లు ఆ పంటను పక్క మిల్లుకు వదులుకోవాల్సిందే. బ్యాంకు కిస్తీ మాత్రం ఆగదు. అందుకే చార్జింగ్ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి ఇద్దరు కాంట్రాక్టర్లూ ఒకే క్యాలెండర్ రాసుకోవాలి. కాంక్రీటుకు పూర్తి బలం రావడానికి 28 రోజులు పడుతుందని, ట్రాన్స్‌ఫార్మర్, ప్యానెళ్లు ఆర్డర్ ఇచ్చిన మర్నాడే రావని అందులో లెక్క ఉండాలి.

పెద్ద ప్రాజెక్టులు ఎలా చేస్తాయి?

మిర్యాలగూడకు దగ్గర్లో దామరచర్ల మండలం వీర్లపాలెంలో కట్టిన యాదాద్రి థర్మల్ ప్లాంటు సామర్థ్యం 4000 మెగావాట్లు, 800 మెగావాట్ల యూనిట్లు అయిదు. 2015లో శంకుస్థాపన జరిగింది. 2017లో డిజైను, సామగ్రి, నిర్మాణం కలిపి బీహెచ్ఈఎల్‌కు అప్పగించారు. 2024 డిసెంబరు 7న రెండో యూనిట్‌ను ప్రారంభించారు. ఇలాంటి ఒప్పందంలో కింద ఎన్ని చిన్న కంపెనీలు పనిచేసినా జవాబు చెప్పాల్సిన సంస్థ ఒక్కటే. సివిల్ డ్రాయింగ్, ఎలక్ట్రికల్ డ్రాయింగ్ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసే ఇంజనీర్లు ఉంటారు.

గల్ఫ్‌లో చేసినవాళ్లకు ఈ పద్ధతి తెలిసిందే. అక్కడి పెద్ద సైట్లలో ఎంఈపీ వాళ్లు పైపులు చూసి సంతకం పెట్టందే కాంక్రీటు పోయనివ్వరు. పది కోట్ల మిల్లుకు అంతమంది ఇంజనీర్లు ఉండరు. కానీ ఒక సంతకానికి పెద్ద కంపెనీ అక్కర్లేదు. "ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ చూశాకే స్లాబ్" అని యజమాని ఒక్క మాట పెడితే చాలు. ఆ అధికారం ఎవరికీ ఇవ్వకపోతే ఆ పని ఎవరూ చేయరు.

ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే

ఒకే సైట్‌లో ఇద్దరి మనుషులు పనిచేస్తుంటే కరెంటు ఆన్ చేసేది ఎవరన్నది స్పష్టంగా ఉండాలి. ప్యానెల్‌లో చెయ్యి పెట్టిన కుర్రాడికి తెలియకుండా అటు పక్క మిక్సర్ కోసం ఎవరో స్విచ్ వేస్తే అయ్యేది చెప్పక్కర్లేదు. స్విచ్‌కు తాళం, తాళంచెవి పనిచేసేవాడి జేబులో, ఇదే పద్ధతి. బయటి లైను మీద పనైతే డిస్కం నుంచి ఎల్‌సీ తీసుకోకుండా స్తంభం ఎక్కకూడదు.

సివిల్ పనికి ఇచ్చే తాత్కాలిక కనెక్షన్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టాలి. స్థలం మీదుగా 11 కేవీ లైను పోతుంటే కట్టడం పైన 3.7 మీటర్లు, పక్కన 1.2 మీటర్లు దూరం ఉండాలని నిబంధన. చేతిలో పొడవాటి రాడ్డు, నిచ్చెన ఉన్నప్పుడు ఆ దూరం క్షణంలో కరిగిపోతుంది. అలాంటి చోట పని మొదలయ్యేలోపే లైను మార్పించాలి. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత కూలీని తెచ్చిన చిన్న కాంట్రాక్టర్ దగ్గరే ఆగదు, పని అప్పగించిన పెద్ద కాంట్రాక్టర్ దాకా వెళ్లొచ్చు. ఇద్దరూ బీమా చూసుకోవాలి.

"భాయ్, మనలో మనకు కాగితమెందుకు?"

చిన్న కాంట్రాక్టర్లు మునిగేది ఎక్కువగా ఈ మాట దగ్గరే. తెలిసినవాళ్లయితే కాగితం ఇంకా అవసరం, గొడవొస్తే పోయేది డబ్బు ఒక్కటే కాదు. రెండు పేజీలైనా రాసుకోవాలి. అందులో ఉండాల్సినవి ఇవి:

ట్రెంచ్ తవ్వేది, దిమ్మె కట్టేది, గోడకు గాడి కొట్టాక పూడ్చేది ఎవరు. సామాను ఎవరిది, రాగి ధర పెరిగితే ఎవరు భరించాలి. డబ్బు ఏ దశలో ఎంత: ఎర్తింగ్, పైపులు అయ్యాక కొంత, కేబుళ్లు, ప్యానెళ్లు దిగాక కొంత, చార్జింగ్ అయ్యాక మిగతాది. సివిల్ పని ఆలస్యమై కూలీలు ఖాళీగా కూర్చుంటే ఆ ఖర్చు ఎవరిది. ఎక్స్‌ట్రా పనికి వాట్సాప్‌లో అయినా యజమాని "సరే" అన్న తర్వాతే చెయ్యి వేయాలి.

సివిల్ కాంట్రాక్టర్ కింద సబ్ కాంట్రాక్టుగా తీసుకుంటే "నాకు యజమాని ఇచ్చాక నీకిస్తా" అనే షరతును చూసి ఒప్పుకోవాలి. దానికి ఒక ఆఖరి తేదీ రాయించాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 చట్టం ప్రకారం 45 రోజుల్లోపు డబ్బు అందాలి. అయితే సామాను, పని కలిపిన వర్క్స్ కాంట్రాక్టులకు అది వర్తిస్తుందా అన్నదానిపై కోర్టుల తీర్పులు వేర్వేరుగా ఉన్నాయి. కాబట్టి దాని మీదే ఆధారపడకుండా ఒప్పందంలోనే గడువు పెట్టుకోవడం మేలు.

చివరిగా, గల్ఫ్ సర్టిఫికెట్ ఎంత గొప్పదైనా ఇక్కడ సొంతంగా పని పట్టాలంటే రాష్ట్ర లైసెన్సు, కింద పనిచేసేవాళ్లకు సూపర్‌వైజర్, వైర్‌మన్ పర్మిట్లు ఉండాలి. లైసెన్సు లేకపోతే టెస్ట్ రిపోర్టు మీద వేరొకరి సంతకం కోసం తిరగాలి, పని తనదైనా పేరు, బేరమాడే బలం వేరొకరివి అవుతాయి. పర్మిట్ చేతిలో ఉన్నవాడే ప్లాన్ గీసే రోజున బల్ల దగ్గర కూర్చుని, "ప్యానెల్ గది ఇక్కడ వద్దు, అక్కడ కట్టండి" అని ధైర్యంగా చెప్పగలడు.