ఒకే ఖజానా, రెండు కొలతలు

బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది. 2024లో 30 లక్షల 1 వెయ్యి పలికింది. వేలంపాట ఊరందరి ముందు సాగుతుంది. పాడినవారి పేరు, పలికిన ధర పత్రికల్లో వస్తాయి. ఆ సొమ్ము ఊరి పనులకు వాడతారు. హైదరాబాద్ శివార్లలో ఒక ప్లాటు చేతులు మారినప్పుడు మాత్రం ధర రెండు ముక్కలవడం పాత రివాజు: ప్రభుత్వ విలువ మేరకు చెక్కు, మిగిలింది నగదు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదు పుచ్చుకుంటే అంత మొత్తమూ జరిమానా కట్టాలని 2015లో ఆదాయపు పన్ను చట్టాన్ని సవరించారు. అయినా 'బ్లాక్ ఎంత, వైట్ ఎంత' అని అడిగేవారు గొంతు తగ్గించరు. రేషన్ కార్డు కోసం ఆదాయం తగ్గించి రాయించినవాణ్ణి మాత్రం మనం దొంగ అనేస్తాం.

రెండూ ఖజానాకు గండి కొట్టేవే. తెలంగాణ పట్టణాల్లో ఆహార భద్రత కార్డుకు కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షలు. నెలకు 18 వేలు వచ్చే కూలీ 16 వేలని రాయిస్తే అది అబద్ధమే, అతణ్ణి నిర్దోషి అనను. కానీ ఆ అబద్ధం వెనుక నెలాఖరు భయం ఉంది. లక్షల నగదు దాచినవాడికి ఆ భయం లేదు, చట్టం తెలియకా కాదు. అందుకే అతని తప్పే బరువైనదని నా అభిప్రాయం.

పన్ను ఎగవేత స్వభావం వల్ల జరుగుతుందా, అవకాశం వల్లనా? డెన్మార్క్‌లో 40 వేలకు పైగా పన్ను చెల్లింపుదారులపై జరిగిన అధ్యయనం 2011లో వెలువడింది. యజమాని, బ్యాంకు వంటి మూడో పక్షం లెక్క చెప్పే ఆదాయంలో ఎగవేత దాదాపు సున్నా. ఎవరికి వారే చెప్పుకునే ఆదాయంలో అది సుమారు 40 శాతం. జీతగాడి నిజాయితీలో సగం, జీతంలోంచే పన్ను కోసే టీడీఎస్‌దే. నగదు బేరానికి ఆ మూడో కన్ను ఉండదు.

పేదల మీద ఆ కన్ను ఎప్పుడో పడింది. తెలంగాణలో 'సమగ్ర వేదిక' అనే సాఫ్ట్‌వేర్ వాహనాలు, ఆస్తులు, కరెంటు బిల్లుల వంటి రికార్డులను పేర్లు, చిరునామాల పోలికతో కలిపి చూస్తుంది. పోలిక అంటే సంభావ్యతే, రుజువు కాదు. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి పేరు కారున్న మరొకరి పేరుతో కలిసిపోయి ఆ ఇంటి కార్డు పోయింది. 2014-2019 మధ్య నోటీసు లేకుండా రద్దయిన కార్డులు 18 లక్షలకు పైనే. వాటిని క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పరిశీలన ముగిసిన సుమారు 2 లక్షల దరఖాస్తుల్లో 15 వేలకు పైగా అర్హులవేనని తేలింది.

గణాంక శాస్త్రంలో ప్రతి జల్లెడకూ రెండు రకాల పొరపాట్లుంటాయి: అనర్హుణ్ణి లోపలికి రానివ్వడం, అర్హుణ్ణి బయటకు నెట్టడం. ఒకటి తగ్గించబోతే రెండోది పెరుగుతుంది. దేన్ని భరించాలో లెక్క చెప్పదు, మనమే తేల్చుకోవాలి. మొదటి దానికి పోయేది కొన్ని కిలోల బియ్యం, రెండో దానికి పోయేది ఒక ఇంటి అన్నం.

ఉన్నవాళ్లకూ అందే సాయం దగ్గర ఈ పట్టుదల ఏమైంది? 2018లో మొదలైన పంట పెట్టుబడి సాయం రైతుబంధుకు ఎకరాల పరిమితి లేదు, పాస్‌బుక్‌లో ఉంటే డబ్బు పడేది. లేఅవుట్లుగా మారిన భూములను 2025 జనవరిలో దాని స్థానంలో రైతు భరోసా వచ్చాకే మినహాయించారు.

పన్ను ఎగ్గొట్టాడని అనుమానం వస్తే ముందు నోటీసు, తర్వాత విచారణ, ఆపైన అప్పీలు కమిషనర్, ట్రిబ్యునల్, హైకోర్టు. అది సరైన పద్ధతే, తీసేయమనను. రేషన్ కార్డుకూ అదే వర్తించాలి: సాఫ్ట్‌వేర్ అనుమానం చెప్పాలి, మనిషి ఇంటికి వెళ్లి చూడాలి, సమాధానం వినేదాకా బియ్యం ఆగకూడదు. ఆ రికార్డుల జోడింపును సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వైపూ అంతే శ్రద్ధగా తిప్పాలి.