అనాథ బిడ్డను గల్ఫ్‌కు తీసుకెళ్లాలంటే: కఫాలా, దత్తత, చట్టం

రుద్రూర్, వర్ని, బోధన్, బాన్సువాడ ప్రాంతాల్లో గల్ఫ్‌లో పనిచేసే మనిషి లేని ఖాందాన్‌ను వెతకడం కష్టం. ఇక్కడ ఎవరైనా చిన్న వయసులో చనిపోయి పిల్లలు దిక్కులేనివారైతే, దుబాయి నుంచో జిద్దా నుంచో చాచా, మామూ ఫోన్ చేసి "బిడ్డను నా దగ్గరికి పంపండి, నేను పెంచుకుంటాను" అంటారు. ఆ మాట వెనకున్న మనసు గొప్పది. కానీ బిడ్డను దేశం దాటించడం ఒక టికెట్టుతో అయ్యే పని కాదు. దాతలు ఈ విషయాన్ని తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే, ఇలాంటి సందర్భాల్లో ఖర్చులకు సాయం అడిగేది మిమ్మల్నే.

ముందుగా ధర్మం మాట. ఇస్లాంలో అనాథ సంరక్షణకు ఉన్న స్థానం మనందరికీ తెలిసిందే. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) స్వయంగా తండ్రిలేని బిడ్డగా పెరిగారు. అయితే పెంచినంత మాత్రాన బిడ్డ వంశం మారదు. జైద్ బిన్ హారిసా (రజి) విషయంలో అవతరించిన అహ్‌జాబ్ సూరా ఆదేశం ఇదే: పెంపుడు బిడ్డను కన్నతండ్రి పేరుతోనే పిలవాలి. కనుక ఇస్లాం చూపిన మార్గం కఫాలా. అంటే బిడ్డ తిండి, బట్ట, చదువు, ప్రేమ అన్నిటి బాధ్యతా తీసుకోవడం, అతని వంశాన్ని మాత్రం చెరపకపోవడం. పెంపుడు బిడ్డకు వారసత్వ వాటా రాదు. కానీ బతికుండగా హిబా ఇవ్వవచ్చు, ఆస్తిలో మూడోవంతు వరకు వసియ్యత్ రాయవచ్చు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణం కూడా కఫాలాను ఒక సంరక్షణ పద్ధతిగా పేరుపెట్టి గుర్తించింది.

ఇక మన దేశ చట్టం. 1956 నాటి హిందూ దత్తత చట్టం ముస్లింలకు వర్తించదు. అందువల్ల చాలాకాలం ముస్లిం కుటుంబాలకు 1890 నాటి సంరక్షకుల చట్టం ఒక్కటే దారిగా ఉండేది. దాని కింద కోర్టు మిమ్మల్ని బిడ్డకు సంరక్షకుడిగా నియమిస్తుంది, తండ్రిగా కాదు. ఈ పద్ధతి కఫాలాకు దగ్గరగా ఉంటుంది. అయితే ఒక షరతు గుర్తుంచుకోవాలి. ఆ చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం, సంరక్షకుడు కోర్టు అనుమతి లేకుండా బిడ్డను ఆ కోర్టు పరిధి దాటించరాదు. నిజామాబాద్ దాటించడానికే అనుమతి కావాల్సినప్పుడు, సముద్రం దాటించడానికి వేరే చెప్పాలా!

రెండో దారి బాలల న్యాయ చట్టం. దీని కింద ఏ మతం వారైనా దత్తత తీసుకోవచ్చు. షబ్నమ్ హష్మీ కేసులో 2014 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. ఇది ఇష్టమైన వారి కోసం ఉన్న చట్టం, ఎవరిమీదా బలవంతం లేదు, వద్దనుకున్నవారు తమ ధర్మశాస్త్రం ప్రకారమే నడుచుకోవచ్చు అని కోర్టు చెప్పింది. అయితే ఈ చట్టం కింద దత్తత పూర్తయితే బిడ్డ అన్ని విధాలా పెంచుకున్నవారి సొంత బిడ్డ అవుతాడు. కనుక ఏ దారిలో వెళ్లాలో నిర్ణయించుకునే ముందు కుటుంబం అటు ఆలిమ్‌తో, ఇటు వకీలుతో మాట్లాడుకోవాలి.

విదేశంలో ఉన్న బంధువు కోసం 2015 బాలల న్యాయ చట్టంలో 60వ సెక్షన్ ఉంది. ఇక్కడ 'బంధువు' అంటే చాచా, ఫూఫీ, మామూ, ఖాలా, దాదా-దాదీ, నానా-నానీ మాత్రమే. దూరపు చుట్టరికం ఇందులోకి రాదు. పని ఈ వరుసలో సాగుతుంది.

మొదట, పెంచుకోదలచినవారు తాము నివసించే దేశంలోని అధీకృత సంస్థ ద్వారా దరఖాస్తు చేయాలి. అలాంటి సంస్థ లేని చోట భారత రాయబార కార్యాలయాన్ని సంప్రదించాలి. అక్కడ వారి ఇల్లు, ఆదాయం, ఆరోగ్యం పరిశీలించి గృహ నివేదిక తయారుచేస్తారు. రెండోది, ఇక్కడ జిల్లా బాలల సంరక్షణ విభాగం వారు బిడ్డ కుటుంబాన్ని కలిసి నివేదిక రాస్తారు. కన్నవారిలో బతికున్నవారి సమ్మతి కావాలి. బిడ్డకు ఐదేళ్లు నిండితే బిడ్డ సమ్మతి కూడా కావాలి. మూడోది, దత్తత ఉత్తర్వు. 2022 సెప్టెంబరు 1 నుంచి ఈ ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టు నుంచి జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు మారింది. రుద్రూర్ వారికి నిజామాబాద్ కలెక్టరు, బాన్సువాడ వారికి కామారెడ్డి కలెక్టరు అని గమనించాలి. నాలుగోది, ఢిల్లీలోని కేంద్ర దత్తత వనరుల సంస్థ, అంటే కారా, ఇచ్చే నిరభ్యంతర పత్రం. ఆ తర్వాతే బిడ్డకు పాస్‌పోర్టు, వీసా, ప్రయాణం.

బిడ్డను తీసుకెళ్లడానికి పెంచుకునేవారు స్వయంగా రావాలి. ఎవరో తెలిసినవారి వెంట పంపించేయడం కుదరదు. వెళ్లాక కూడా రెండేళ్లపాటు బిడ్డ ఎలా ఉన్నాడో నివేదికలు వస్తూ ఉండాలి. మొదటి ఏడాది మూడు నెలలకొకటి, రెండో ఏడాది ఆరు నెలలకొకటి.

అదే 60వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. పెంచుకున్నవారు ఆ బిడ్డ తన కన్నవారిని, తోబుట్టువులను అప్పుడప్పుడూ కలుసుకునే వీలు కల్పించాలి. వంశం చెరపవద్దన్న ఆదేశాన్ని పాటించేవారికి ఈ నిబంధన పరాయిదిగా అనిపించదు.

గల్ఫ్ విషయంలో ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. అంతర్దేశ దత్తతపై 1993లో కుదిరిన హేగ్ ఒడంబడికను భారత్ 2003లో ఆమోదించింది. సౌదీ, కువైట్, ఖతర్, యూఏఈ వంటి దేశాలు ఆ ఒడంబడికలో లేవు. షరీఅత్ ఆధారంగా సాగే అక్కడి ముస్లిం కుటుంబ చట్టాల్లో కఫాలా ఉంది గాని, దత్తత లేదు. కాబట్టి మన కలెక్టరు ఉత్తర్వు చేతిలో ఉన్నా, అక్కడ బిడ్డకు నివాస వీసా దానంతటదే వస్తుందనుకోరాదు. వీసా అర్హతకు జీతం, ఇంటి అద్దె పత్రం వంటివి కూడా చూస్తారు. వీసా వస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకున్నాకే ఇక్కడ పని మొదలుపెట్టాలి. లేకపోతే బిడ్డ అమ్మ దగ్గరా ఉండక, మామూ దగ్గరికీ చేరక మధ్యలో నలిగిపోతుంది.

ఇంత కట్టుదిట్టం ఎందుకని కొందరు విసుక్కుంటారు. కారణం మన రాష్ట్రంలోనే ఉంది. 1999, 2001 సంవత్సరాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడీ తండాల నుంచి ఆడశిశువులను కొద్దిపాటి డబ్బిచ్చి తెచ్చి, విదేశీ దత్తతకు పంపిన వ్యవహారాలు బయటపడ్డాయి. అరెస్టులు జరిగాయి. పేదరికం వల్లనో, ఆడపిల్ల అన్న కారణంతోనో బిడ్డను సంస్థలకు అప్పగించడాన్ని 2001లో ప్రభుత్వం నిలిపివేసింది. కాగితాలన్నీ సక్రమంగా కనిపించినా, వాటి వెనుక ఒక తల్లి కన్నీరు ఉండవచ్చని ఆ రోజులు నేర్పాయి.

అందుకే స్టాంపు కాగితం మీద రాసుకుని బిడ్డను ఇచ్చేయడం, పుట్టిన సర్టిఫికెట్‌లో తల్లిదండ్రుల పేర్లు మార్చి పాస్‌పోర్టు తీయడం వంటి పనులకు ఎవరూ పూనుకోవద్దు. చట్టంలో చెప్పిన పద్ధతి తప్పించి బిడ్డను ఇచ్చినా తీసుకున్నా మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. బిడ్డను అమ్మినా కొన్నా శిక్ష ఐదేళ్ల వరకు ఉంటుంది. మంచి మనసుతో చేశామన్నా చట్టం ఊరుకోదు. పైగా తప్పుడు తండ్రి పేరు రాయించడం ధర్మం దృష్టిలోనూ తప్పే.

ఇక దాతలకు విన్నపం. మన దగ్గరికి వచ్చే అనాథల్లో ఎక్కువమందికి తండ్రి లేకపోయినా తల్లి ఉంది. అలాంటి బిడ్డకు కావలసింది వేరే దేశం కాదు, అమ్మ ఇంట్లో నెలనెలా పొయ్యి వెలగడం. కఫాలాకు బిడ్డ మన ఇంట్లోనే ఉండాలన్న షరతు లేదు. దుబాయిలో ఉన్న చాచా నెలకింత పంపినా, చదువు ఫీజు కట్టినా ఆ బాధ్యత నెరవేరుతుంది. భర్త చనిపోయిన తల్లుల పిల్లలకు కేంద్రం 'మిషన్ వాత్సల్య' కింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చే స్పాన్సర్‌షిప్ ఉంది. అర్హత ఉన్న కుటుంబంతో జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టించడం కూడా ఒక సేవే. ఆదరించేవారే లేని బిడ్డ కనబడితే 1098కి ఫోన్ చేయండి, మీ ఇంటికి తీసుకెళ్లి దాచుకోకండి.

నిజంగానే బిడ్డ విదేశంలోని బంధువు దగ్గరికి చేరాల్సిన అవసరం ఉంటే, మీ సాయం వకీలు ఫీజుకు, పత్రాల అనువాదానికి, తల్లి కలెక్టరేటుకు వెళ్లిరావడానికి ఉపయోగపడనివ్వండి. ప్రతి పైసాకూ రసీదు అడగండి. రసీదు ఇవ్వనని, పని త్వరగా చేయిస్తానని చెప్పే మధ్యవర్తికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఏది జకాత్ నుంచి ఇవ్వవచ్చో, ఏది సదఖా నుంచి ఇవ్వాలో ఉలమాలను అడిగి ఇవ్వండి.

అనాథ బిడ్డ మన చేతికి వచ్చిన అమానత్. ఆ బిడ్డ పేరు, వంశం, కన్నతల్లి జ్ఞాపకం కూడా ఆ అమానత్‌లో భాగమే. రేపు పెద్దయి "నేనెవరి బిడ్డను?" అని అడిగినప్పుడు, ముందుపెట్టడానికి నిజమైన కాగితం, చెప్పడానికి నిజమైన మాట మన దగ్గర ఉండాలి.